వాడాకే నీళ్ళు

ఆగస్టు ఇరవై మూడు, శుక్రవారం. ఆ రాత్రి మేము తిన్నది చెరి రెండు ఉడకబెట్టిన గుడ్లు, ముందురోజు రొట్టె నాలుగు ముక్కలు, చివర్లో ఒక అరటిపండు సగం సగం. పంతొమ్మిదేళ్ళ కిందటి తిండి ఇంత బాగా ఎందుకు గుర్తుందంటే, ఆ గుడ్లు ఒలుచుకుని తినేంతసేపట్లో, చచ్చిందనుకున్న మొక్క ఒకటి మా వంటింట్లో లేచి నిలబడింది. నా భార్య పనిచేసే రక్తపరీక్షల ల్యాబులో గోడలకి రంగులేస్తూ దాన్ని మెట్ల కిందకి తోసేశారట, వారం రోజులు మరిచిపోయారట, చివరికి చెత్తబండిలో వేయబోతుంటే ఈవిడ "నాకివ్వండి" అని బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. పీస్ లిలీ. వెడల్పాటి ముదురాకుపచ్చ ఆకులు, ఎప్పుడైనా ఒకసారి అరచెయ్యి నిలబెట్టినట్టు తెల్లటి పువ్వు. ఆ రోజు మాత్రం ఆకులన్నీ కుండీ అంచుమీంచి తడిగుడ్డల్లా వేలాడుతున్నాయి. రెండు చేతులూ కుండీకే సరిపోతే పట్టుకోవడానికి చెయ్యి లేక తూలుతుంటే, తను సీట్లో కూర్చునేదాకా డ్రైవరు బస్సు కదపలేదని ఆ రాత్రి మూడుసార్లు చెప్పింది. "కూర్చునేదాకా ఆగాడండీ, అద్దంలో చూస్తూ ఆగాడు." కుండీని బకెట్టు నీళ్ళలో దించి, చేతులు కడుక్కుని, "తినేలోపు లేస్తాడు చూడండి" అంది. నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి, నా నోరు ఊరుకోదు, "లేస్తాడు కాదు, లేస్తుంది. మొక్క కదా" అన్నాను. "లేస్తాడు. వీడి పేరు వాడు" అంది. "వాడు అంటే పేరేనా?" అంటే "అంతే, వాడు" అని నవ్వింది. పెళ్ళైన పదేళ్ళకి ఇంట్లోకి ఇంకో మగాణ్ణి తెచ్చావా అంటే, "మీకంటే నయం, నీళ్ళిస్తే లేస్తాడు, మిమ్మల్ని లేపాలంటే కాఫీ ఉండాలి" అంది. రెండో గుడ్డు మీద మిరియాల పొడి చల్లుకుంటూ తలెత్తేసరికి ఒక ఆకు లేచింది. అరటిపండు తొక్క పారేసి వచ్చేసరికి అన్నీ లేచాయి.

ఇప్పుడు ఆరూ నలభై. ఆరూ ఇరవైకి రెండు గ్లాసుల నీళ్ళు పోశాను, పన్నెండు రోజుల తర్వాత మొదటి నీళ్ళు. నర్సరీ ఆవిడ లెక్క ప్రకారం రెండు గంటల్లో ఆకులు లేస్తే కొత్త వేళ్ళు పట్టినట్టు. లేవకపోతే ఏమిటో ఆవిడ చెప్పలేదు, కత్తెర తుడుచుకుంది. కిటికీ పక్కన గోడకి పాత మేకు ఒకటుంది, క్యాలెండరు తగిలించేది. అన్నిటికంటే పెద్ద ఆకు కొన ఆ మేకుకి నాలుగు వేళ్ళ కింద వేలాడుతోంది. కుర్చీ జరుపుకుని, తల ఒకేచోట ఉండేలా వీపు గోడకి ఆనించి, మేకునీ ఆకునీ చూస్తూ కూర్చున్నాను. ఐదే ఆకులు మిగిలాయి, పద్ధెనిమిదిలో ఐదు. కింద గడియారాలు బాగుచేసే ఆయన షట్టరు సగం దించాడు, సగం దించాక ఒకసారి ఆగి రోడ్డు అటూ ఇటూ చూసి మిగతా సగం దించడం ఆయనకి అలవాటు, ఆలస్యంగా వచ్చే మనిషెవరైనా ఉంటారేమోనని. లిఫ్టు మూడో అంతస్తులో ఆగింది, మాది కాదు. ఎదురు మేడలో ఎవరో ఇస్త్రీ చేస్తున్నారు, చెయ్యి వెళ్ళడం రావడం మాత్రం కనిపిస్తోంది, మనిషి కనిపించడం లేదు. రెండు గంటలు ఒక ఆకుని చూస్తూ కూర్చోగల తీరిక ఉన్నవాడు నిజంగా అదృష్టవంతుడే, ఆ ఆకు లేస్తే.

ఆమె అయితే చూసేది కాదు, పట్టుకునేది. ముప్పై ఒక్కేళ్ళు జనం చేతులు పట్టుకుని నరం వెతికిన మనిషి. లావుపాటి చేతులు, ఎండిపోయిన చేతులు, భయంతో బిగుసుకున్న చేతులు, పసిపిల్లల గుప్పెట్లు. అందరూ మోచేతి మడత మీద కళ్ళు పెట్టి చూస్తే ఈవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ రెండు వేళ్ళతో తడిమి "ఇదిగో, ఇక్కడ దాక్కున్నావా" అనేది, నరంతోనే అనేది, మనిషితో కాదు. మనిషి ఆ మాటకి నవ్వేలోపు సూది లోపలికి వెళ్ళడం, రావడం అయిపోయేది. ఆకుల్ని కూడా అలాగే పట్టుకునేది. ఆదివారం పొద్దున తడిబట్టతో ఒక్కో ఆకు తుడుస్తూ వెనక ఈనె మీద బొటనవేలు జార్చి, "నరాలు బాగున్నాయి, ఎవరైనా గుచ్చగలరు" అనేది. ఒక్కోసారి ప్రెస్సుకి ఫోను చేసేది, "మీరు ముందు ఇంటికెళ్తున్నారుగా, వాడికి ఓ చెంబెడు ఇవ్వండి" అని. నేను వెళ్ళి చూస్తే నిజంగానే తలలు వాల్చి ఉండేది. ల్యాబులో కూర్చుని ఆమెకి ఎలా తెలిసేదో. పోసేవాణ్ణి, లేచేది, ఆమె వచ్చేసరికి ఇద్దరం బుద్ధిగా ఉండేవాళ్ళం. ఆమె ఇంట్లో లేనిరోజు ఆ మొక్క, నేను, ఇద్దరమూ ఒకే ఫోను కోసం చూసేవాళ్ళమని ఇప్పుడు అనిపిస్తుంది. నేనెప్పుడూ నా అంతట నేను దానికి నీళ్ళు పోయలేదు. చెబితే పోశాను. పంతొమ్మిదేళ్ళు. అక్కడే వచ్చింది చిక్కు.

చివరి నెలన్నర ఆమె మంచంమీంచి ఇల్లంతటికీ చీటీలు రాసింది. గొట్టాల మీద అంటించే తెల్ల టేపు చుట్ట ఒకటి ల్యాబునుంచి తెప్పించుకుంది, సన్నటి నల్ల పెన్ను, ఒళ్ళో రొట్టెలు కోసే చెక్క. ఆమె దగ్గర పని నేర్చుకున్న అమ్మాయే రోజు మార్చి రోజు వచ్చి ఈవిడ రక్తం తీసుకునేది. ఒకరోజు రెండుసార్లు గుచ్చినా దొరక్క ఏడుపుమొహం పెట్టి, "తప్పు నాది కాదక్కా, నరానిది" అంటే, "దాక్కోవడం దానికి నేర్పింది నేనే లేవే, కిటికీలోకి చూసి గుచ్చు" అంది. ఆ అమ్మాయి కిటికీలోకి చూసి గుచ్చింది, దొరికింది, తర్వాత వంటింట్లోకి వచ్చి చాలాసేపు చేతులు కడుక్కుంది. ఆ అమ్మాయి వెళ్ళాక ఆ రోజే మళ్ళీ ఐదారు చీటీలు. రక్తం గొట్టం మీద ఎంత చోటుంటుంది, పేరు, వయసు, టైము. అందుకని ఆమె చీటీలన్నీ రెండు మాటలు, మహా అయితే మూడు. గ్యాసు దగ్గర "కింద కూడా." బట్టల మిషను మీద "తెల్లవి వేరే." ఫ్రిజ్ తలుపు మీద "రెండు రోజులే." వీధి తలుపు తాళం పక్కన "రెండుసార్లు తిప్పు." వంటింటి తొట్టి కింద బకెట్టుకి "పారబోయకు." జీవితమంతా నన్ను మీరు అన్న మనిషి చీటీల్లో నువ్వు అంది. చదివి "ఏమిటిది, అండి ఏదీ?" అని అడిగితే "గొట్టం మీద గౌరవానికి చోటుండదండీ" అంది. ఎనిమిది నెలలుగా గ్యాసు కట్టేసిన ప్రతిసారీ, తాళం వేసిన ప్రతిసారీ ఆమె నన్ను నువ్వు అంటోంది, బాగుంటుంది. అలా కిటికీ చట్రం మీద, కుండీ పక్కన అంటించిన చీటీ: "వాడాకే నీళ్ళు."

బకెట్టు మీద పారబోయకు, దానికి ఎదురుగా రెండడుగుల దూరంలో వాడాకే నీళ్ళు. ఏ పనికైనా వాడిన తర్వాత మిగిలిన నీళ్ళే దీనికి పొయ్యి, మంచినీళ్ళు దండగ చెయ్యకు అని నాకు అర్థమైంది. ఆమె పొదుపు నాకు తెలుసు, కూరగాయలు కడిగిన నీళ్ళు ఊరికే పోనిచ్చే మనిషి కాదు. ఎంత ముందుచూపు అనుకున్నాను, పోతూ పోతూ మొక్కకి కూడా తిండి ఏర్పాటు చేసి పోయింది. ఆమె చెప్పినది తప్పకుండా చెయ్యడం తప్ప నాకు ఇంక మిగిలిన పని లేదు కదా, పొద్దున కూరగాయలు కడిగినవి, మధ్యాహ్నం బియ్యం కడిగినవి, రాత్రి గుడ్లు ఉడికించి చల్లార్చినవి, మందు వేసినట్టు మూడు పూటలూ పోశాను. మొదట్లో ఏం కాలేదు. నాలుగో నెలలో కింది ఆకులు పసుపుపచ్చబడ్డాయి, కొసలు నల్లబడ్డాయి, తర్వాత ఒకరోజు మొత్తం తలలు వాల్చింది. దాహం అనుకుని గ్లాసు తొలిపిన నీళ్ళు కూడా పోశాను. లేవలేదు. ఇంకో గ్లాసు. లేవలేదు. గడియారాలాయన ఒకసారి చేతివాచీ ఇవ్వడానికి పైకి వచ్చి చూసి, "మాస్టారూ, దానికిక నీళ్ళొదులుకోండి" అన్నాడు. నేను చేస్తున్నదే అదని ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు.

ఏడూ ఐదు. నాలుగు వేళ్ళే. లేదా నాలుగుకి కాస్త తక్కువ. చూపు నిలబెట్టి చూస్తే ఏదైనా కదులుతున్నట్టే ఉంటుంది, మేకు కూడా. ప్రెస్సులో పెద్దాయన ఒకరుండేవారు, నాకు పని నేర్పిన ఆయన, అక్షరాన్ని ఎక్కువసేపు చూడకు, చూస్తే తప్పు కనిపించడం మొదలుపెడుతుంది అనేవారు.

మొక్కని సంచిలో నిలబెట్టుకుని నర్సరీకి వెళ్ళిన పొద్దున వాన పడి ఆగింది. లోపల ఒక ఆవిడ, మనిషి పొట్టి, గొంతు మాత్రం నర్సరీ అంత ఉంది, గొట్టంతో కుండీలు తడుపుతూ నా చేతిలోది చూసి నీళ్ళు కట్టేసింది. "ఏం చేస్తున్నారండీ దీన్ని? పెంచుతున్నారా, ఈత నేర్పిస్తున్నారా?" రోజూ నీళ్ళు పోస్తున్నానండీ అన్నాను. "అది కనబడుతూనే ఉంది. ఎన్నిసార్లు?" మూడు అన్నాను. "మూడుసార్లా! మా ఆయన నాకు కాఫీ కూడా మూడుసార్లివ్వడు. పాపం దాహం వెయ్యడానికి సందే ఇవ్వలేదు కదండీ మీరు దీనికి." మా ఆవిడ రాసిపెట్టిందండీ అన్నాను, ఎందుకన్నానో, బడిపిల్లాడు పక్కవాణ్ణి చూపించినట్టు. "అయితే ఆవిణ్ణే తీసుకురండి, ఆవిడ సంగతి నేను చెబుతాను" అంది. ఆవిడ నా మొహంలోకి ఒకసారి చూసింది. అయ్యో అనలేదు, ఎప్పుడు అని అడగలేదు. చేతులకున్న రబ్బరు తొడుగులు తీసి పక్కన పెట్టింది. "ఇవి ఉంటే మెత్తనిదేదో గట్టిదేదో తెలీదండీ" అని, ఉత్త చేతుల్తో కుండీ వంచి మట్టిగడ్డ బయటికి తీసింది. మురుగు వాసన వచ్చింది. తల తిప్పుకున్నది నేనే, ఆవిడ తిప్పుకోలేదు. వేళ్ళని ఒక్కొక్కటే రెండు వేళ్ళ మధ్య పట్టి లాగింది, కుళ్ళినవి తొడుగు ఊడినట్టు ఊడి వచ్చాయి, "ఇది పోయింది, ఇది పోయింది, ఇదీ", ఇంతలో ఒకటి రాలేదు, తెల్లగా, దారమంత. "ఇదిగో, ఉన్నావా" అంది. ఎవరి మాట ఎవరి నోట వింటున్నానో. నరంతో అన్నట్టే అంది. అలాంటివి నాలుగు దొరికాయి. మిగతావన్నీ కత్తిరించి, ఆకులు కూడా ఐదుంచి మిగతావి తీసేసి, "నాలుగు వేళ్ళు ఐదాకుల్నే మొయ్యగలవు" అని, పొడి మట్టిలో నిలబెట్టి చేతికిచ్చింది. "ఇంక నీళ్ళ మాటెత్తకండి. ఆకులు వేలాడేదాకా ఆగండి. మీ ప్రాణం ఉసూరుమన్నా ఆగండి. వేలాడిన రోజు పొయ్యండి. రెండు గంటల్లో లేస్తే..." అని కత్తెర తుడుచుకుంది.

ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి చేసిన పని ఒకటుంది, దాన్ని తలుచుకోకుండా ఈ గంట గడిచిపోతుందేమో అనుకున్నాను, పోవడం లేదు. కుండీ కిటికీలో పెట్టి, చీటీ చూశాను. ముప్పై నాలుగేళ్ళు తప్పులు దిద్దిన చెయ్యి. జేబులో పెన్సిలుంది. ఆమె రెండు మాటల మీద ఒక గీత లాగి, పక్కన కొట్టివేత గుర్తు, ఆ చిన్న తోక, వేశాను. ఆమె రాసినదాంట్లో నేను దిద్దిన మొదటి తప్పు. నిజం చెప్పాలంటే ఒక్క క్షణం హాయిగా కూడా ఉంది. ఏ నరమూ తప్పని మనిషి ఒక్కచోట తప్పింది, నాకూ ఒక తప్పు మిగిల్చింది అనిపించింది. రాత్రికి ఆ హాయి పోయింది. ఒంట్లో అంత నొప్పితో, చెక్క ఒళ్ళో పెట్టుకుని రాసిన మనిషి, తల తిరుగుతుంటే రాసిందేమో, మందు మత్తులో రాసిందేమో, మొక్క సంగతే మరిచిపోయి రాసిందేమో. అలాంటప్పుడు ఆమె పక్కన నేను లేనా, ఉన్నాను, టేపు కత్తిరించి ఇచ్చింది నేనే. అప్పుడే "ఇదేమిటి" అని అడిగి ఉంటే. పన్నెండు రోజులుగా కొట్టేసిన ఆ చీటీ ముందు కూర్చుని కాఫీ తాగుతున్నాను. మిగతా చీటీల మీద కూడా అనుమానం వచ్చింది, తెల్లవి వేరే అంటే నిజంగా తెల్లవేనా అని. పెద్దాయన ఇంకో మాట కూడా అనేవారు, కొట్టేసే ముందు రెండుసార్లు చదువు, నీకు అర్థం కాకపోతే తప్పు రాసినవాడిదే కానక్కర్లేదు. ఆ మాట మిగతా అందరి రాతలకీ వర్తించింది, దీనికి గుర్తు రాలేదు.

కర్ర చప్పుడు. అత్తయ్య గది నుంచి వంటింటి దాకా పదకొండు అడుగులు, పన్నెండోది నా కుర్చీ. ఆమె నా భార్య తల్లి, తొమ్మిదేళ్ళ కిందట నెలరోజులుండి పోతానని ఒక సంచితో వచ్చింది, ఆ సంచి ఇంకా మంచం కింద సర్ది ఉన్నట్టే ఉంది. చొక్కాల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టే పని చేసేది, బొత్తాం పట్టే చీలికల చుట్టూ రోజుకి ఎన్ని వందలో, కళ్ళన్నీ వాటిల్లోనే పోయాయి. ఇప్పుడు వెలుగూ చీకటీ కూడా సరిగ్గా తెలియవు. అల్లుణ్ణి మీరు అనడం తప్ప ఎరగని మనిషి. కూతురు పోయిన నాలుగో రోజు మధ్యాహ్నం, నేను ఇదే కుర్చీలో ఉంటే, వెనకనుంచి "నువ్వు తిన్నావా?" అంది. అని తనే ఉలిక్కిపడింది. నేను కూడా. తిన్నానత్తయ్యా అన్నాను, తినలేదు. ఐదో రోజు మళ్ళీ నువ్వే అంది, ఇక వెనక్కి వెళ్ళలేదు.

"దీపం వెయ్యలేదేం నాయనా?"

"మీకెలా తెలిసింది?"

"స్విచ్చు చప్పుడు వినపడలేదు. ఏం, వాడికి కాపలానా?" కర్ర కుర్చీకి ఆనించి చెయ్యి చాపింది, గాలిలో ఒక్కసారి కూడా తప్పకుండా ఆకు అందుకుంది. బట్ట నాణ్యం చూసినట్టు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపింది. "ఊఁ. పొద్దున పట్టుకుంటే వందసార్లు ఉతికిన చొక్కా చేతిలా ఉంది. ఇప్పుడు కాలరు గుడ్డయింది."

"నాకేం కనిపించడం లేదే?"

"నీ కళ్ళకి కనిపించాలంటే ఇంకా టైముంది. వేళ్ళకి ముందు తెలుస్తుంది." ఆమె గొంతులో గొప్ప ఏమీ లేదు, బస్సు వచ్చే టైము చెప్పినట్టు చెప్పింది. నేనేమో ఇంతసేపూ మేకుని చూస్తున్నాను. ఆ వేళ్ళ కొసలు అరిగి నున్నగా ఉంటాయి, ఈ ఇంట్లో నరాలు తడిమే చెయ్యి ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. ఆకు వదిలి చట్రం మీదికి చెయ్యి పోనిచ్చింది, టేపు తగిలింది, అంచు వెంట గోరు నడిపింది. "ఇదేంటి?"

"చీటీ అత్తయ్యా."

"దానిదా?"

"అవును."

"ఏం రాసింది?"

నీళ్ళు నమిలాను. కూతురు తప్పు రాసింది, నేను కొట్టేశాను అని ఎలా చెప్పను. "ఏదో, నీళ్ళ గురించి" అన్నాను.

"ఏదో కాదు, చదువు."

చదివాను. "వాడాకే నీళ్ళు."

"అవును మరి" అంది అత్తయ్య. "వాడకముందే పోస్తే కుళ్ళిపోదూ?"

ఆకు మీంచి కన్ను తీశాను. "ఏమన్నారు?"

"వాడాక పొయ్యాలిగా నాయనా. తల వాల్చాక. దాహమేసిందని అది చెప్పాక. ఇంకేముంది అందులో?"

ఇంకేముంది అందులో. రెండు మాటలు, ఐదు అక్షరాలు. ఏ పసిపిల్లాడు చదివినా, వాడిన పువ్వు, వాడిన ఆకు, వాడిన మొహం, నేనే ఎన్ని వందల గేలీ ప్రూఫుల్లో ఆ మాట చూసి, సరిగ్గా ఉంది అని ముందుకు పోయి ఉంటాను. ఒక్క మొక్క పక్కన ఉన్నప్పుడు మాత్రం బకెట్టు వైపు చూశాను. వాడు. అయ్యో, వాడు! బస్సులోంచి దిగి వచ్చిన ఆ రాత్రి, బకెట్టులో దించుతూ, వీడి పేరు వాడు, అంతే, వాడు. ఎప్పుడు చూసినా వాడేవాడు కాబట్టి వాడు. మగాడూ కాదు ఏమీ కాదు. నేను వ్యాకరణం తప్పు అన్నాను, ఆమె నవ్వింది, ఆ నవ్వుకి అర్థం నేను గుడ్లు ఒలుచుకుంటూ వదిలేశాను. "వాడు వాడాడు, ఓ చెంబెడు ఇవ్వండి" అని ఫోనులో ఎన్నిసార్లు అని ఉంటుంది, పేరే రెండుసార్లు అన్నట్టు విని ఉంటాను. పంతొమ్మిదేళ్ళు ఒకే హాస్యం చేస్తూ, నాకు తెలిసే రోజు కోసం చూస్తూ, తెలియకపోయినా కోపం తెచ్చుకోకుండా, చివరికి టేపు మీద రాసి అంటించి పోయింది. మంచం మీద, ఆ నొప్పిలో, తల తిరగలేదు, మత్తు లేదు, మొక్కని మరిచిపోలేదు. నరం దొరికింది, సూది సరిగ్గా దిగింది. కదిలింది నా చెయ్యి.

"మరి నువ్వేం చదివావు?" అంది అత్తయ్య, నా మౌనం చూసి, కాదు, విని.

చెప్పాను. వాడిన నీళ్ళు అనుకున్నానని, కూరగాయలవి, బియ్యానివి, గుడ్లవి, చివరికి గ్లాసు తొలిపినవి కూడానని. మొదట ఆమె పెదాలు బిగబట్టింది. తర్వాత కర్ర జారి కింద పడింది, కుర్చీ వీపు పట్టుకుని నవ్వింది, దగ్గు వచ్చేదాకా, కళ్ళు తుడుచుకునేదాకా. "ఎంగిలి నీళ్ళు పోశావా వాడికి! మూడు పూటలా! బతికున్నాడంటే గట్టి పిండమే." నేను కూడా నవ్వాను. ఈ వంటింట్లో ఎనిమిది నెలల తర్వాత ఇద్దరు మనుషులు నవ్వారు. "చదువుకున్నవాళ్ళతో ఇదే చిక్కు నాయనా, ఉన్నది ఉండగా లేనిది చదువుతారు" అని, కర్ర అందిస్తే పుచ్చుకుని, వేరే గొంతుతో అడిగింది. "ఇంకా ఏమేం రాసింది?"

ఈ ప్రశ్న ఆమె ఎప్పుడూ అడగలేదు, నేను చదివి చెప్పాలని నాకు ఎప్పుడూ తోచలేదు. ఇల్లంతా కూతురి అక్షరాలు, వాటి మధ్య తడుముకుంటూ తిరుగుతోంది ఆ తల్లి, నేనొక్కణ్ణే చదువుకుంటున్నాను, రోజూ, నాకే రాసినట్టు. లేచి మోచెయ్యి అందించాను. గ్యాసు దగ్గరికి నడిపించి వేలు చీటీ మీద పెట్టి చదివాను, "కింద కూడా." ఊఁ అంది. ఫ్రిజ్, "రెండు రోజులే." "నువ్వు మూడో రోజు కూడా తింటావు, నాకు తెలుసు, వాసనొస్తుంది" అంది. తాళం, "రెండుసార్లు తిప్పు." మిషను. బకెట్టు దగ్గర మళ్ళీ నవ్వింది. ఒక్కోచోట టేపు మీద వేలు ఉంచి అక్షరాల పొడుగు కొలుచుకుంది. అన్నీ అయ్యాక ఇంకొకటుందని గుర్తొచ్చింది. ఆమె గది తలుపు మీదే, లోపలి వైపు, గడియకి పైన. ఆ తలుపు బందు వదులై నేలకి రాసుకుంటుంది, ప్రతి రాత్రీ పడుకునేముందు అత్తయ్య దాన్ని లాగితే పళ్ళు జివ్వుమనే చప్పుడు, కింద గడియారాలాయనకి కూడా వినిపిస్తుందట, పెద్దావిడ పడుకున్నారు అని ఆయన టైము చూసుకుంటాడట. వేలు పెట్టి చదివాను. "ఎత్తి మూయి."

"ఇది నాకా?"

"మీకే అనుకుంటానత్తయ్యా."

"కళ్ళు లేనిదానికి రాసిపెడుతుందా? వెర్రిపిల్ల. నోటితో చెప్పొచ్చుగా."

"నేను చదివి చెబుతాననుకుని ఉంటుంది."

అత్తయ్య చీటీ మీద వేలు అలాగే ఉంచి చాలాసేపు నిలబడింది. కాజా చుట్టూ కుట్టు సరిగ్గా పడిందా లేదా చూసినట్టు ఆ నాలుగంగుళాల టేపు చుట్టూ, అంచు అంచునా, ఒకసారి వేలు తిప్పింది. "పడుకుంటా నాయనా" అంది. "పాలు వెచ్చబెట్టి తాగు." సరే అని వచ్చేశాను.

ఎనిమిదింపావు. వంటింట్లో దీపం వెయ్యలేదు ఇంకా, వీధి దీపం వెలుగు చాలు. ఆకు కొన మేకుని దాటింది. నేను చూడనప్పుడు దాటింది. ఇన్నేళ్ళూ అంతే, అది లేవడం నేను చూసిందెప్పుడు, తిండి తింటూ, చేతులు కడుక్కుంటూ, తలెత్తేసరికి లేచి ఉండేది. మిగతా నాలుగాకులూ ఇంకా పూర్తిగా లేవలేదు, ఒకటి లేచి సగంలో ఆగి ఆలోచిస్తోంది, అయినా నిలబడుతున్న మనిషి మోకాళ్ళలాగే ఉన్నాయి, కూర్చుంటున్న మనిషివిలా లేవు. నాలుగు తెల్ల దారాలు. పొడి మట్టిలో పన్నెండు రోజులు, ఒక్క చుక్క లేకుండా, చీకట్లో నీళ్ళని వెతుక్కుంటూ పొడుగు సాగి ఉంటాయి. ఎక్కడుందో చూడకుండా, తడుముకుంటూ. దాహం ఉంటే కదా వెతుక్కునేది. రెండు వేళ్ళతో పెద్ద ఆకు పట్టుకుని, కళ్ళు ఎదురు మేడ వైపు తిప్పి, వెనక ఈనె మీద బొటనవేలు జార్చాను. అక్కడ ఇస్త్రీ చెయ్యి ఆగింది, చొక్కా ఎత్తి పట్టుకుని చూసుకుంటోంది. చల్లగా ఉంది ఆకు. గట్టిగా ఉంది. కాలరు గుడ్డ.

జేబులో పెన్సిలు. నేను లాగిన గీతని రబ్బరుతో చెరిపేయొచ్చు, చెరిపితే ఆ తప్పు జరగనట్టవుతుంది. ప్రెస్సులో దానికి వేరే పద్ధతుంది. తొందరపడి ఒక మాట కొట్టేసి, తర్వాత ఆ మాటే సరైనదని తెలిస్తే, గీత జోలికి పోకుండా ఆ మాట కింద వరసగా చుక్కలు పెడతాం. కొట్టేసినవాడిది పొరపాటు, ఉన్నది ఉన్నట్టే ఉండనివ్వండి అని దాని అర్థం. ముప్పై నాలుగేళ్ళలో ఎన్ని పెట్టానో, ఎప్పుడూ కొంచెం సిగ్గుగానే పెట్టాను. కళ్ళద్దాలు సర్దుకుని, టేపు చిరగకుండా, ఆమె ప్రతి అక్షరం కిందా ఒక చుక్క పెట్టాను. ఐదు.

వెనక అత్తయ్య గది దగ్గర కర్ర గోడకి ఆనిన చప్పుడు. పళ్ళు బిగబట్టుకున్నాను, రోజూ ఈ సమయానికి బిగబట్టుకున్నట్టే. ఏ చప్పుడూ రాలేదు. తిరిగి చూశాను. రెండు చేతులతో గడియ పట్టుకుని, ఒక అంగుళం పైకెత్తి, నేలకి తగలనివ్వకుండా, నెమ్మదిగా, అత్తయ్య తలుపు మూసుకుంది.